గుర్తమ్మ ఇల్లు ఎటు వెళ్ళింది

పొద్దున ఆఫీసుకి అందరికంటే ముందు వచ్చేది గుర్తమ్మే. వచ్చీ రాగానే కిటికీలు తెరిచేది. లోపల మగ్గిన కాగితాల వాసన బయటికి పోయాక డైరెక్టరు గారి బల్ల తుడిచి, ఆయన ఆ రోజు ఎవరెవర్ని కలవాలో ఒక చీటీ మీద, ఎవరెవర్ని తప్పించుకోవాలో ఇంకో చీటీ మీద రాసి పెట్టేది. అంతలో ఫోను మొదలయ్యేది. అది ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఎక్కడో ఒకచోట లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయేది, అందులో ఎవరో ఒకరు ఇరుక్కునేవారు, వాళ్ళ తాలూకు వాళ్ళు ఫోనులో గోల పెట్టేవారు.

కాగితం మీద ఆవిడ డైరెక్టరు గారి అసిస్టెంటు. ఉత్తరాలు టైపు చెయ్యాలి, మీటింగులో ఎవరేమన్నారో రాసిపెట్టాలి, ప్రయాణాలకి టిక్కెట్లు తీసిపెట్టాలి. ఏ మెకానిక్కుని ఏ లిఫ్టుకి పంపాలో చెప్పడం ఆవిడ పని కాదు. కానీ ఫోను ఆవిడ బల్ల మీదే ఉండేది కాబట్టి చెప్పేది కూడా ఆవిడే. "సారు మిమ్మల్ని మార్కెట్ పక్క బిల్డింగుకి వెళ్ళమన్నారు" అనేది మెకానిక్కులతో. సారు అప్పటికి ఇంటి దగ్గర కాఫీ తాగుతుండేవారు.

డైరెక్టరు గారికి మతిమరుపు. "కాస్త గుర్తు చెయ్యమ్మా" అనేది ఆయన ఊతపదం. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ అనడం మొదలుపెట్టారు. పెళ్ళిరోజులు, కరెంటు బిల్లులు, పిల్లల పరీక్షలు, అన్నీ ఆవిడే గుర్తు చెయ్యాలి. అలా గుర్తమ్మ అయిపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది.

సాయంత్రం బస్సు దిగాక ఆవిడకి ఇంకో పని ఉండేది, ఇల్లు వెతుక్కోవడం.

వీధి మొదట్లో పండ్ల బండి దగ్గర ఒక్క క్షణం ఆగేది. బండి అతను అడక్కముందే చెప్పేసేవాడు. "ఇవాళ పార్కు వైపు వెళ్ళిందమ్మా. నిదానంగానే వెళ్ళింది, ఎక్కువ దూరం పోయి ఉండదు." ఆవిడ పార్కు వైపు నడిచేది. ఏ రెండు మేడల మధ్యో, ఖాళీ స్థలంలోనో, నీలం తలుపులతో తమ ఇల్లు కనపడేది. వసారాలో అత్తగారు చిక్కుళ్ళు వలుస్తూ ఉండేది. ముందుగదిలో భర్త కుట్టుమిషను తొక్కుతూ ఉండేవాడు.

ఆయన దర్జీ. ఆ ముందుగదే ఆయన దుకాణం. ఇల్లు కదులుతున్నప్పుడు ఆయనకి తెలిసేది కూడా కాదు. సూదిలో దారం తెగేది కాదు, గ్లాసులో నీళ్ళు తొణికేవి కావు. తలెత్తి చూస్తే కిటికీలో వేరే గోడ ఉండేది, అంతే.

కొన్ని ఇళ్ళు ఉన్నచోట ఉంటాయి, కొన్ని ఉండవు. లోపల ఉన్నవాళ్ళ మనసు ఎటో లాగుతుంటే ఇల్లు కూడా అటే పోతుంది. ఆ ఊళ్ళో అదేం వింత కాదు. వెనకవీధి లెక్కల మాస్టారి ఇల్లు ఒకసారి రైల్వేస్టేషన్ పక్కకి పోయి వారం రోజులు ఉండి, మాస్టారు మనసు మార్చుకున్నాక మళ్ళీ వచ్చేసింది. పోస్టుమాను మాత్రం సణుక్కున్నాడు. గుర్తమ్మ ఇల్లు మొదట్లో అలాంటిది కాదు. పెళ్ళయిన కొత్తలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేకు కొట్టినట్టు ఉండేది. ఆ తర్వాత ఎప్పుడో గోడ పక్కన ఒక జానెడు జాగా కనపడింది. ఆ తర్వాత ఒక గజం. ఇల్లు నడక నేర్చుకుంటోందని అత్తగారు నవ్వింది.

అది నిజంగా నడవడం మొదలుపెట్టింది సర్వీసు మేనేజరు రిటైరయిన నెలలో.

ఆ పెద్దమనిషి చివరి రెండేళ్ళూ మోకాళ్ళ నొప్పులతో సగం రోజులు సెలవులోనే ఉన్నాడు. ఆ పని ఎవరు చేశారో అందరికీ తెలుసు. అందుకని గుర్తమ్మ ధైర్యం కూడగట్టుకుని, ఒక మధ్యాహ్నం డైరెక్టరు గారు భోంచేసి కాస్త ప్రసన్నంగా ఉన్నప్పుడు గదిలోకి వెళ్ళి అడిగింది. ఆ ఉద్యోగానికి తన పేరు కూడా చూడమంది.

డైరెక్టరు గారు చెడ్డవాడు కాదు. ఆవిడంటే అభిమానం ఉన్నవాడే. ఆవిడ జ్వరంతో వస్తే కారు ఇచ్చి ఇంటికి పంపించేవాడు. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"అదేంటమ్మా, నువ్వు నా కుడిచెయ్యివి. కుడిచెయ్యి వెళ్ళి వేరే గదిలో కూర్చుంటానంటే నేనేమైపోవాలి?"

పొగిడినట్టూ ఉంది, తలుపు వేసినట్టూ ఉంది. "సరే సార్" అని బయటికి వచ్చేసింది. ఆ సాయంత్రం పండ్ల బండి అతను చెయ్యెత్తి దూరంగా చూపించాడు. ఇల్లు మొదటిసారి వీధి దాటింది.

కొత్త సర్వీసు మేనేజరు వేరే ఊరి నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా చేతులు మడుచుకుని ఉండేవాడు. ఆవిడకంటే చిన్నవాడు. అతనికి పని నేర్పమని డైరెక్టరు గారు ఆవిడకే అప్పగించారు. అతను మొండివాడో అహంకారో అయితే ఆవిడ ప్రాణానికి హాయిగా ఉండేది, తిట్టుకుంటూ బతికేసేది. కానీ అతను మర్యాదస్తుడు. తెలియనిది తెలియదనేవాడు. చెప్పింది బుద్ధిగా రాసుకునేవాడు. టీ తెప్పిస్తే ఆవిడకీ తెప్పించేవాడు. అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా ఆవిడకి చేతకాలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధయ్యేది కాదు. ఇంట్లో అన్నం కలుపుతూ కలుపుతూ లేచి వెళ్ళి సర్దిన బట్టలే మళ్ళీ సర్దేది.

ఇల్లు ఒకరోజు సినిమాహాలు వెనక, ఒకరోజు కలప డిపో పక్కన, మర్నాడు ఎవరూ ఊహించని ఒక గుడారాల దుకాణం ముందు. దర్జీ దుకాణం ఎక్కడుందో తెలియక జనం విసుక్కోవడం మొదలుపెట్టారు. కోటు కుట్టడానికి ఇచ్చిన ఒక లాయరు రెండు రోజులు వెతికి, కోర్టులో పాత కోటుతోనే వాదించి, మూడో రోజు వచ్చి నానా మాటలూ అన్నాడు. దర్జీ తల వంచుకుని విన్నాడు. లాయరు వెళ్ళాక చాలాసేపు మిషను తొక్కలేదు.

"ఎన్నాళ్ళిలా?" అన్నాడు రాత్రి భోజనాల దగ్గర, ఆవిడ మొహం చూడకుండా.

"నేనేం చేశానండీ?"

"నువ్వేం చెయ్యలేదు. నీ మనసు ఊరు మీద తిరుగుతోంది. దాని వెనక నేను మిషను వేసుకుని తిరుగుతున్నాను. వచ్చే నలుగురూ రాకపోతే నేను ఎవరికి కుట్టాలి?"

అందులో అబద్ధం లేదు. అందుకే ఆవిడకి ఇంకా కష్టంగా అనిపించింది. అత్తగారు కల్పించుకుని, ఇల్లు తిరిగితే తిరిగిందిలే, తనకి మాత్రం రోజుకొక కొత్త పొరుగావిడ దొరుకుతోందని, పాత పొరుగావిడ చెప్పిన కోడలి కథ విని విని చెవులు చిల్లులు పడ్డాయని అంది. ఎవరూ నవ్వలేదు.

గుర్తమ్మ ఊరికే కూర్చోలేదు. ఒక పెద్ద హోటలువాళ్ళు నిర్వహణ పనులు చూసుకునేందుకు మనిషి కావాలని ప్రకటన వేస్తే దరఖాస్తు పెట్టింది. పిలిచారు. తెల్ల దుప్పటి పరిచిన బల్ల వెనక ఒక లావుపాటి ఆయన కూర్చుని, ఇప్పుడు చేస్తున్న పని గురించి చెప్పమన్నాడు. ఆవిడ బాగానే చెప్పాననుకుంది. మా సారు మెకానిక్కులని షిఫ్టుల లెక్కన మూడు వంతులుగా విడగొట్టారండి అంది. వానాకాలంలో లిఫ్టులు ఎక్కువ పాడవుతాయని సారు ముందే సామాను తెప్పించి పెట్టారండి అంది. సారు ఆస్పత్రులకీ ముసలివాళ్ళున్న ఇళ్ళకీ ముందు మనిషిని పంపే పద్ధతి పెట్టారండి అంది. అవన్నీ చేసింది ఆవిడే. కానీ ఇన్నేళ్ళుగా సారు పేరు మీద చెప్పీ చెప్పీ, వేరేలా చెప్పడానికి నోరు తిరగలేదు.

లావుపాటి ఆయన అంతా విని, "మీ సారు చాలా సమర్థులమ్మా. ఆయనకి ఉద్యోగం మారే ఆలోచన ఉందేమో అడుగుతారా?" అన్నాడు. వెటకారమేం లేదు. నిజంగానే అడిగాడు.

ఆ మాట ఇంట్లో చెబితే అత్తగారు కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, తర్వాత కోడలి మొహం చూసి నవ్వు ఆపేసింది. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో లాగు అంచు మడుస్తున్నాడు.

ఆ తర్వాత ఆవిడ చల్లబడిపోయింది. నాకెందుకొచ్చిన గొడవ అనుకుంది. జీతం వస్తోంది, గౌరవంగానే చూస్తున్నారు, ఈయన దుకాణం నిలబడితే చాలు. అలా అనుకోవడం మొదలుపెట్టిన నాలుగు రోజులకి, ఒక సాయంత్రం ఆఫీసు గేటు దాటి బస్టాపు వైపు తిరగబోతే వాచ్‌మన్ పిలిచాడు. "అటు కాదమ్మా. వెనక్కి రండి."

ఇల్లు వచ్చి ఆఫీసు వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

అందరూ సంతోషించారు. బస్సు బాధ తప్పింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి వేడివేడిగా తిని రావచ్చు. ఇల్లు అక్కడి నుంచి కదలకపోవడంతో దర్జీకి పాత గిరాకీ మెల్లగా తిరిగి వచ్చింది, ఆఫీసువాళ్ళ చొక్కాలు కూడా వచ్చాయి. అందరికంటే ఎక్కువ సంతోషించింది డైరెక్టరు గారు. ఇక నుంచి కాస్త ముందు రావచ్చుగదమ్మా అన్నారు, కాస్త ఆలస్యంగా వెళ్ళినా ఫరవాలేదుగదా అన్నారు. ఇల్లు పక్కనే కదా.

వంటింటి కిటికీలోంచి ఆవిడ బల్ల మీది ఫోను వినపడేది. ఆదివారం మధ్యాహ్నం కూడా, ఎవరూ లేని ఆఫీసులో అది మోగుతుంటే, ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయేది. రెండుసార్లు పొయ్యి ఆర్పి, తాళంచెవి తీసుకుని పరుగెత్తి వెళ్ళి ఎత్తింది కూడా. దర్జీ చూస్తూ ఉండేవాడు. కొలతల టేపు మెడలో వేసుకుని, గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళేవాడు. ఇల్లు రాయిలా ఉంది. ఆయన కోరుకున్నది అదే. అయినా ఆయన ముఖంలో సంతోషం కనపడేది కాదు. రాత్రి గుర్తమ్మ నిద్రలో కూడా "సారు బయటికి వెళ్ళారండీ, ఎవరు మాట్లాడేది?" అని పలకడం ఆయన విన్నాడు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

కొత్త మేనేజరు ఒకరోజు మెకానిక్కుల వంతుల కాగితం పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. ఇది ఎవరు వేశారని అడిగాడు. సారు వేశారంది. సారుని అడిగితే ఆవిడ్నే అడగమన్నారన్నాడు. ఆవిడ టైపు చేస్తూనే, అయితే నేనే వేసి ఉంటానంది.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడమ్, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఈ ఉద్యోగానికి నన్ను అడిగినప్పుడు, నేనూ ఇంకో ఐదుగురూ కలిసి చేసిన పనిని 'నేను చేశాను' అని చెప్పాను. వాళ్ళు నమ్మారు. మీరేమో ఒక్కరే చేసి ఇంకొకరి పేరు చెబుతున్నారు. మనిద్దరి మధ్య తేడా అదొక్కటే."

పెద్దాస్పత్రిలో అతని చిన్నాన్న పనిచేస్తాడట. అక్కడ లిఫ్టులు, జనరేటర్లు, నీళ్ళ మోటార్లు, మంచాల మరమ్మతులు అన్నీ ఒక్కరే చూసుకునేలా కొత్త ఉద్యోగం పెడుతున్నారట. మీరు పెట్టకపోతే నేనే మీ పేరుతో దరఖాస్తు పెట్టేస్తానన్నాడు. అతను అన్నంత పనీ చేసేలా ఉన్నాడని ఆవిడే పెట్టింది. పెట్టి, పెట్టిన సంగతి మరిచిపోవాలని చూసింది.

పిలుపు వచ్చింది, ఒక మధ్యాహ్నం రమ్మని. ఆ తారీఖు మీద వేలు పెట్టి చూసుకుంటే, ఆ రోజే డైరెక్టరు గారి పెద్ద మీటింగు. భాగస్వాములందరూ వస్తున్నారు. ఆవిడ ముందుగానే సెలవు అడిగింది. డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. ఆ ఒక్కరోజు తప్ప ఇంకెప్పుడైనా తీసుకోమన్నారు, వారం కావాలంటే వారం తీసుకోమన్నారు. పని ఏమిటని అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆ రోజు పొద్దున ఆవిడ ఆఫీసుకి బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అంది, "వెళ్ళడం లేదు లెండి. మీటింగు ఉంది."

దర్జీ తలెత్తాడు. "ఆస్పత్రికా?"

"ఆ. వెళ్ళినా ఏముంది, మళ్ళీ సారు గురించే చెప్పి వస్తాను. పోనివ్వండి. ఇప్పుడు బాగానే ఉంది కదా, మీ గిరాకీ కూడా కుదురుకుంది."

ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ మనసులో నిజంగానే ఏ అలజడీ లేదు. బావిలో రాయి పడి అడుగుకి చేరాక ఉండే నిశ్శబ్దం లాంటిది ఉంది.

మీటింగు మధ్యాహ్నానికి భోజనాల కోసం ఆగింది. తిని వచ్చేద్దామని ఆవిడ వెనక గేటులోంచి బయటికి వచ్చింది. గోడ పక్కన ఇల్లు లేదు. ఎండ పడని చోట లేతగా మొలిచిన గడ్డి, నలుపలకలుగా, ఇంటి కొలతకి సరిగ్గా ఉంది.

ఆవిడకి ముందు కోపం వచ్చింది. నేను కుదురుగానే ఉన్నానే, నా మనసు ఎటూ పోలేదే అనుకుంది. వాచ్‌మన్‌ని అడిగితే పొద్దున ఆవిడ లోపలికి వెళ్ళిన కాసేపటికే బయల్దేరిందన్నాడు. ఎప్పటిలా నిదానంగా కాదట. పెద్ద రోడ్డెక్కి గబగబా పోయిందట. తలుపు రెక్కలు కొట్టుకుంటున్నాయట.

అత్తగారు గుర్తొచ్చి ఆవిడకి భయం వేసింది. రోడ్డు మీద పడింది. చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు, తను రెండు వైపులా బళ్ళు ఆపి దారి ఇచ్చానని, వంతెన వైపు పోయిందని చెప్పాడు. వంతెన దగ్గర చెప్పులు కుట్టే అతను, దిగువ రోడ్డు మీదుగా తీసుకుని ఉంటుంది, వంతెన మీద పట్టదు కదా అన్నాడు. అక్కడి నుంచి ఆటో ఎక్కింది. మేడల మీద ఉన్నవాళ్ళని అడగమని ఆవిడ చెబితే, ఆటో అతను పది గజాలకొకసారి ఆపి, నీలం తలుపుల ఇల్లు ఇటొచ్చిందా అని కేకేస్తూ అడిగాడు. ఒకావిడ మేడ మీంచి బట్టలు ఆరేస్తూ, వచ్చింది, ఆ ముసలమ్మగారు నాకు చెయ్యి ఊపింది కూడా అంది. స్కూలు దాటారు, మార్కెట్ దాటారు. మలుపు తిరిగాక ఎదురుగా పెద్దాస్పత్రి కనపడింది. గేటు పక్కన, మందుల దుకాణానికీ సైకిళ్ళ స్టాండుకీ మధ్య, ఇల్లు ఉంది. ఇంకా రొప్పుతున్నట్టు కిటికీ రెక్కలు చిన్నగా కదులుతున్నాయి.

వసారాలో అత్తగారు ఎవరో రోగి తాలూకు ఆవిడతో అప్పటికే మాటల్లో పడిపోయింది. ముందుగదిలో దర్జీ మిషను తొక్కుతున్నాడు. కుర్చీ మీద గుర్తమ్మ బట్టలు, ఆవిడ ఎప్పుడో మూల పడేసిన మంచి జత, ఇస్త్రీ చేసి ఉన్నాయి. పైబట్ట అంచు ఊడిపోయి ఉండేది. దాన్ని ఆయన ఇప్పుడే కుట్టి, పంటితో దారం తెంపాడు.

ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"నేను రానన్నాను కదండీ. ఇల్లెందుకు కదిలింది?"

"నాకేం తెలుసు? నేను కూర్చుని కుడుతున్నాను" అన్నాడాయన, చేతిలో బట్టని దులుపుతూ.

అత్తగారు వసారాలోంచి, ఇటు తిరక్కుండానే అంది, "పొద్దున్నుంచీ వాడి మనసు మనసులో లేదమ్మాయ్. ఒకే అంచు మూడుసార్లు కుట్టి విప్పాడు."

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. మెడలో టేపు తీసి చుట్టాడు, మళ్ళీ విప్పాడు. చివరికి అన్నాడు, "ఆ ఫోను నాకూ వినపడుతోందే. నిద్రలో కూడా నువ్వే ఎత్తుతున్నావు. గిరాకీదేముంది, ఆస్పత్రి దగ్గర మాత్రం జనం బట్టలు చించుకోరా? వెళ్ళు. టైము అయిపోతోంది."

ఆవిడ బట్టలు మార్చుకుంది. ఆఫీసుకి ఫోను చేసి, మీటింగు కాగితాలన్నీ ఎడమవైపు సొరుగులో వరసగా ఉన్నాయని, తను ఇవాళ తిరిగి రావడం లేదని చెప్పింది. డైరెక్టరు గారు మాట్లాడుతుండగానే పెట్టేసింది. అలా చెయ్యడం అదే మొదటిసారి.

లోపల గదిలో ఇద్దరున్నారు. ఒకరు ఆస్పత్రి సూపరింటెండెంటు, నెరిసిన జుట్టుతో, అలిసిపోయిన కళ్ళతో ఉన్న డాక్టరమ్మ. ఇంకొకాయన ఇంజనీరు. గుర్తమ్మ ఆలస్యంగా వచ్చింది, మొహమంతా చెమట. డాక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపి, ఇంత ఆయాసం ఎందుకని అడిగింది.

"నేను మా ఇంటిని వెతుక్కుంటూ వచ్చానండి" అంది గుర్తమ్మ.

"దొరికిందా?"

"దొరికింది. గేటు పక్కనే ఉంది."

డాక్టరమ్మ కిటికీలోంచి చూసి, ఆ నీలం తలుపులదేనా అని, తల ఊపింది. ఇంజనీరు అడిగాడు, ఇంత ఊళ్ళో ఎలా పట్టుకున్నారని. ఆయన ఊసుపోకకి అడిగాడో పరీక్షకే అడిగాడో తెలియదు. గుర్తమ్మ చెప్పింది. నేను ముందు వాచ్‌మన్‌ని అడిగానండి, ఏ వేళకి బయల్దేరిందో తెలిస్తే ఎంత దూరం పోయి ఉంటుందో తెలుస్తుందని. వంతెన మీద పట్టదు కాబట్టి పై దారులు వదిలేశానండి. మేడల మీద ఉన్నవాళ్ళకి దూరం కనపడుతుంది కాబట్టి వాళ్ళని అడిగానండి. చెబుతూ చెబుతూ లిఫ్టుల దగ్గరికి వచ్చేసింది, ఎక్కడ మలుపు తిరిగిందో ఆవిడకే తెలియలేదు. ఇరుక్కున్న మనిషితో ఫోనులో మాట్లాడుతూ మెకానిక్కుని ఎలా పంపేదో చెప్పింది. వానాకాలానికి ముందే సామాను ఎలా తెప్పించేదో చెప్పింది. ఒకసారి ఇద్దరు మెకానిక్కుల మధ్య తగువు ఎలా తీర్చిందో కూడా చెప్పింది. ప్రతి మాటకీ ముందు 'నేను' వస్తోంది. మొదట ఆ మాట నోట్లో గట్టిగా, ఉడకని బియ్యపు గింజలా తగిలింది. తర్వాత తగల్లేదు.

మధ్యలో ఒకసారి ఇంజనీరు, జనరేటర్ల గురించి ఏం తెలుసని అడిగాడు. ఏమీ తెలియదండి, నేర్చుకోవాలి అంది. ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. డాక్టరమ్మ మాత్రం ఏదో రాసుకుంది.

వెంటనే ఏమీ తేలలేదు. చాలా రోజులు ఏ కబురూ లేదు. గుర్తమ్మ మర్నాడు ఆఫీసుకి వెళ్ళి డైరెక్టరు గారికి ఎదురుగా నిలబడి, తను ఎక్కడికి వెళ్ళిందో చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. "నాకు చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టి, చెప్పి ఉంటే ఏం చేసేవాడో ఆయనకే తెలియక ఆపేశాడు. ఇల్లు ఆస్పత్రి దగ్గరే ఉండిపోయింది. ఆవిడ మళ్ళీ రెండు బస్సులు మారి ఆఫీసుకి రావడం మొదలుపెట్టింది. సాయంత్రాలు దర్జీ తెచ్చిచ్చిన పాత పుస్తకంలో జనరేటరు బొమ్మలు చూస్తూ, అర్థం కాక పెన్సిలు కొరుకుతూ కూర్చునేది. ఉద్యోగం ఇంజనీరు తరఫు మనిషికి ఇచ్చేశారని ఒక పుకారు వచ్చింది. కొత్త మేనేజరు వాళ్ళ చిన్నాన్నని రోజూ పీడించాడు. అత్తగారు వసారాలో కూర్చుని, వచ్చే పోయే నర్సులందరికీ, మా కోడలు మీ దగ్గర చేరబోతోందని చెప్పేసింది. ఆ మాట తిరిగి తిరిగి సూపరింటెండెంటు దాకా వెళ్ళిందో లేదో ఎవరూ చెప్పలేరు.

చివరికి పిలిచారు. ఆరు నెలలు చూస్తామన్నారు. జనరేటర్లు నేర్చుకోవాలన్నారు. గది చిన్నది, కిటికీ ఉంది, ఫోను ఆవిడది. గది తలుపు మీద రాయడానికి పేరు చెప్పమని పెయింటరు అడిగితే, గుర్తమ్మ హాజరుపట్టీలో ఉండే ఆ పేరు చెప్పింది. పెయింటరు ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది.

ఆవిడ చేరిన వారానికి నీళ్ళ శాఖ మనిషి గొట్టాలు భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. ఈ ఇంటికి ఇక్కడ కనెక్షను ఇవ్వాలంటే ఇల్లు ఇక్కడే ఉంటుందని రాసివ్వాలన్నాడు. అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చి, గ్రీజు అంటిన వేళ్ళు సబ్బుతో తోముకుంటోంది. పడక్కుర్చీలో కాసేపు వాలొచ్చు. వాలలేదు. చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆస్పత్రి వాళ్ళు ఊరి చివర కడుతున్న కొత్త భవనం వైపు చూస్తోంది.

దర్జీ ఆ చూపు గమనించాడు. మెడలోంచి టేపు తీసి, గోడ నుంచి రోడ్డు మీది మెయిను పైపు దాకా కొలిచి ఇచ్చి, నీళ్ళ మనిషితో మెల్లగా అన్నాడు, "గొట్టం కాస్త ఎక్కువే వదలండి."